మట్టికోటలో మా బామ్మర్ది

మా బామ్మర్దికి ఒమన్ వీసా ఇప్పించింది నేను. ఈ సంగతి ముందే చెప్పుకోకపోతే తర్వాత నేను చెప్పబోయేదంతా వట్టి ఏడుపులా వినిపిస్తుంది. ఏడుపే, కాదనను. కానీ దారినపోయే దానయ్యను చూసి ఏడ్చిన ఏడుపు కాదు. నా చేత్తో తెచ్చి, నా మంచం పక్కన మంచం వేయించి, నా గిన్నెలో వండింది పెట్టినవాణ్ణి చూసి ఏడ్చిన ఏడుపు.

అప్పటికి నేను ఒమన్‌లో పాతకాపును. బర్కా దగ్గర తోటల మధ్య ఇళ్ళు కట్టే కంపెనీలో తాపీ మేస్త్రిని. మా తాత తాపీ పట్టాడు, మా నాయిన తాపీ పట్టాడు, నాకు మీసాలు రాకముందే నా చేతికి తాపీ ఇచ్చారు. నేను ప్లాస్టర్ చేసిన గోడకు బద్ద ఆనించి చూస్తే బద్దకూ గోడకూ మధ్య ఎక్కడా వెలుతురు కనపడేది కాదు. అలాంటి పని. ఇక మా బామ్మర్ది, అంటే మా ఇంటామె తమ్ముడు, జగిత్యాల వైపు రైతు. బోరు ఎండిపోయి పొలం బీడు పడింది. నేను సెలవు మీద ఊరికి పోయినప్పుడల్లా మా ఇంటామె చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. సరే కదా అని తిరిగి వచ్చాక ఫోర్మన్‌ను బతిమాలి వాణ్ణి హెల్పర్‌గా పిలిపించాను. కువైట్ గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు అది.

ఆ ఫోర్మన్ కడప సాయిబు. మాతో తెలుగు, హైదరాబాద్ వాళ్ళతో ఉర్దూ, అర్బాబులతో, అంటే అక్కడి యజమానులతో, అరబ్బీ మాట్లాడేవాడు. కంపెనీలో మా మాట పైకి, పైవాళ్ళ మాట కిందికి రావాలంటే ఆయన నోటి నుంచే రావాలి.

మా బామ్మర్ది వచ్చిన కొత్తలోనే కంపెనీకి ఒక పాత కోట బాగుచేసే పని దొరికింది. షినాస్ దాటాక ఖర్జూరం తోటల నడుమ చిన్న మట్టికోట. సముద్రం దగ్గరే. గోడలు పచ్చి ఇటుకవి, పైన మట్టిపూత. మమ్మల్నందరినీ అక్కడికే తెచ్చి క్యాంపు వేశారు. మొదటి రోజే ఫోర్మన్ గేటు దగ్గర నిలబెట్టి చెప్పాడు, సిమెంటు బస్తా ఒక్కటి కూడా లోపలికి రాకూడదని. ఎప్పుడో ఎవరో ఈ కోటకు సిమెంటు పూశారట. పైన నున్నగా ఉంది, లోపల మట్టికి గాలి ఆడక, చెమ్మ బయటికి పోక, గోడ లోలోపలే పిండి అయిపోయింది. ఆ సిమెంటు ఊడబీకి పాత పద్ధతిలో మట్టి పూయాలి. నీళ్ళు తగిలే చోట్ల సారూజ్ అనే గార వాడాలి. బంకమట్టిని ఖర్జూరపు మట్టల మంటలో కాల్చి, దంచి చేస్తారు దాన్ని.

ఈ పని తెలిసిన ముసలాయన ఒకడు కొండల వైపు ఊరి నుంచి వచ్చాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉండేవాడు. తెల్ల అంగీని నడుముకు ఎగదోపుకుని ఉత్త కాళ్ళతో పరంజా ఎక్కేవాడు. ఆయనతో పాటు ఇద్దరు బలూచీలు ఉన్నారు. కంపెనీ నుంచి ఒక్క మేస్త్రిని ఇస్తే తన పక్కన పెట్టుకుని మొత్తం పని నేర్పుతానన్నాడు. నేర్చుకున్నవాడు ఇకమీదట కోటల పనే చేస్తాడు, ఎక్కడ కోట ఉంటే అక్కడికి పోతాడు.

ఒక్క చోటు. అది నాదే అనుకున్నాను. ఎవరిదవుతుంది మరి? అంతమంది మేస్త్రీల్లో మూడు తరాల తాపీ నాదొక్కడిదే. పైగా, నిజం చెప్తున్నాను, మా నాయిన పోయాక నాకు పని నేర్పినవాడు లేడు. నేర్పాల్సింది ఏదీ మిగల్లేదని అనుకున్నారు అందరూ. బర్కాలో కట్టిన ఇల్లే మళ్ళీ కట్టడం, పెట్టిన బ్లాకు మీద బ్లాకు పెట్టడం, చేతులు ఆడుతుంటే మనసు నిద్రపోయేది. ఈ ముసలాయన వేళ్ళతో గోడను తట్టి, చెవి ఆనించి వింటుంటే నాకు కడుపులో ఆకలి లాంటిది పుట్టింది. ఆ పని నాకు కావాలి. అంతకన్నా గట్టిగా నేను దేన్నీ కోరుకోలేదు, పెళ్ళితో సహా.

పరీక్ష అన్నట్టు మేస్త్రీలకు వెనక గోడ మీద తలా ఒక ముక్క ఇచ్చారు. మట్టి, గడ్డి కలిపి గుంతలో పుల్లబెట్టిన అడుసు. దాన్ని కాళ్ళతో తొక్కి అందించే పని హెల్పర్లది, అందులో మా బామ్మర్ది కూడా. నేను తూకం గుండు వేలాడదీసి, బద్ద కొట్టి, అంచులు కత్తిలా దిద్ది పూశాను. ఉస్తాద్ వచ్చి చూసి నవ్వి ఏదో అన్నాడు. ఫోర్మన్ మొహమాటపడుతూ చెప్పాడు, నీ గోడ తిన్నగా ఉంది కానీ కోట వంకరగా ఉందంటున్నాడని. నేనూ నవ్వాను. ముసలాడికి మెచ్చుకోవడం చేతకాదు పాపం అనుకున్నాను.

తర్వాత జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పొద్దున్నే డ్యూటీకి రాగానే పైపు పట్టుకుని నా ముక్కకు నీళ్ళు కొట్టాను. సాయంత్రం పోయేముందు మళ్ళీ కొట్టాను. నీళ్ళు తాగని ప్లాస్టర్ నెర్రెలు పడుతుందని మా నాయిన నా నెత్తి మీద మొట్టి మొట్టి నేర్పిన పాఠం. మట్టికి నీళ్ళు కొడితే ఏమవుతుందో మా ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. నా చేతికి తెలియదు. ఇన్నేళ్ళు సిమెంటు చేసిన చెయ్యి, ప్లాస్టర్ కనపడితే పైపు వెతుక్కుంటుంది. మూడో పొద్దుకు నా ముక్క పొట్ట ఉబ్బి, వెనక ఉన్న పాతమట్టిని కూడా వెంటబెట్టుకుని కింద పడింది. ఫోర్మన్ వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం మేస్త్రీ, మట్టికి నీళ్ళు కొడ్తివా?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంతలో అవతల ఒక బీహారీ మేస్త్రి జ్వరంతో పడిపోయాడు. కలిపిన అడుసు పాడవుతుందని ఆ ముక్క మీద దాన్ని ఎలాగోలా పూసెయ్యమని మా బామ్మర్దికి చెప్పారట. వాడికి తాపీ పట్టుకోవడం కూడా రాదు. తాపీ పక్కన పెట్టి, ముద్దలు ముద్దలుగా గోడకు కొట్టి, అరచేత్తో అర్ధచంద్రాలుగా అలికాడు. అలికాడు అంటే అక్షరాలా అలకడమే. మా అత్తగారింట్లో వడ్లు పోసే గుమ్మికి మట్టీ పేడా కలిపి ఏడాదికోసారి పూస్తారు. ఆడవాళ్ళ పని. మా అత్తకు నడుం నొప్పి, వంగలేదు. ఉన్న ఒక్క ఆడపిల్లను నేను పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాను. ఇంకెవరు అలుకుతారు? వీడే అలికాడు, ఇల్లూ వాకిలీ గుమ్మీ, వాడకట్టులో మగపిల్లలు నవ్వుతున్నా సరే. అంటే చూడండి నా ఖర్మ, నేను వాడి అక్కను చేసుకోకపోతే వాడికి ఆ విద్య వచ్చేదే కాదు.

ఉస్తాద్ ఆ ముక్క ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వాడి చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి చూశాడు. ఆ సాయంత్రం ఫోర్మన్ నన్ను పక్కకు పిలిచాడు.

"మేస్త్రీ, ఉస్తాద్ నీ బామ్మర్దినే అడగతాండాడు. నేనేం జేసేది?"

మంచిదే కదా సాబ్, మావాడే కదా అన్నాను. ఆ మాట అనడానికి నేను పడ్డ కష్టం ఎర్రటి ఎండలో కాంక్రీటు మోసినప్పుడు కూడా పడలేదు. రూముకు వచ్చి చూస్తే వాడు బియ్యం కడుగుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నాకు కోపమొచ్చిందేమోనని భయం వాడికి. నాకెందుకు కోపం అన్నాను. అని, ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైందని గిన్నె తోసేశాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

అక్కడి నుంచి మొదలైంది నా కడుపుమంట. పగలు నేను కోట బయట కొత్త ఆఫీసు గదులకు బ్లాకులు పేరుస్తుంటే, గోడకు అవతల వాడు ఉస్తాద్ పక్కన కూర్చుని ఉండేవాడు. పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం తూర్పు గోడ, నీడ ఎటుంటే అటు వాళ్ళ పని జరిగేది. మేము ఎండలోనే. ముసలాయన వాడి మణికట్టు పట్టుకుని గోడ మీద ఆడించేవాడు. నన్ను కాల్చింది ఆ మణికట్టే. జీతం పెరిగిందని కాదు, నీడలో కూర్చున్నాడని కాదు. నాకు మా నాయిన నేర్పింది మొట్టికాయలతో. ఈయనెవరో దేశం కాని దేశం మనిషి, వాడి చేతిని పసిపిల్లాడి చెయ్యిలా పట్టుకుని నేర్పుతున్నాడు. పొద్దున ఖావా తాగేటప్పుడు మొదటి ఖర్జూరం వాడి చేతిలో పెట్టేవాడు. వలదీ అని పిలిచేవాడు, నా కొడుకా అని. కొన్నాళ్ళకు వీడు గడగడా అరబ్బీ కూడా మాట్లాడసాగాడు. ఇన్నేళ్ళున్నా నాకు వచ్చిన అరబ్బీ సలాం దగ్గర మొదలై సలాం దగ్గరే అయిపోయేది.

రూములో నేను ఊరుకోలేదు. అలుకు పూసేటోడు వచ్చిండు, జరగండి, జాగ ఇవ్వండి అనేవాణ్ణి. ముగ్గు కూడా వేస్తాడా మీ ఉస్తాద్ అని అడిగేవాణ్ణి. మిగతావాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. వాడూ నవ్వేవాడు. అదీ నాకు మండేది. తిరిగి ఒక్క మాట అంటే గొడవ పెట్టుకుని మనసు బరువు దించుకునేవాణ్ణి. వాడు నా బట్టలు కూడా ఉతికి ఆరేసి, పోయి పడుకునేవాడు.

మా ఇంటామె ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు పంపేది. ఒకసారి క్యాసెట్ ఒక పక్క మొత్తం తమ్ముడి గురించే. కోటలు కట్టే పనికి తీసుకున్నారట కదా, ఊరంతా చెప్పుకుంటున్నారు, మమ్మల్ని కన్న నాయిన ఉంటే ఎంత సంబరపడేవాడో అని. రెండో పక్క తిప్పి వేశాను. కోడి కూత, పిల్లల దగ్గు, నువ్వు పైలం, జాగ్రత్త అన్న ఒక్క మాట. తర్వాత గర్రుమని ఉత్త టేపు తిరిగింది. టేప్ రికార్డర్ ఆపి, క్యాసెట్ తీసి వాడి మంచం మీద గిరాటేశాను. నీకే వచ్చింది, వినుకో అన్నాను.

నా మొహం చూసి ఫోర్మన్‌కు అర్థమైనట్టుంది. షావల్ నేర్చుకుంటావా అని అడిగాడు. ముందు పెద్ద బకెట్ ఉండి మట్టి ఎత్తి లారీలో పోసే బండి అది. బురైమి పోయే దారిలో కంపెనీ యార్డు ఉంది, అక్కడ ఒక పఠాన్ ఆపరేటర్ నేర్పుతాడు, హెవీ లైసెన్సు కంపెనీయే తీయిస్తుంది. క్యాంపులో ఈ మాట తెలియగానే అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. ఏసీ క్యాబిన్, కూర్చుని చేసే పని, ఆపరేటర్ అనే పేరు. అదృష్టమంటే నీదే అన్నారు. నేను ఒప్పుకున్నాను, ఎందుకంటే వాడికి లేనిది నాకు ఒకటి కావాలి.

పఠాన్ మంచివాడే. నేల మీద ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా పెట్టి, బకెట్ అంచుతో అది నలగకుండా ముందుకు నెట్టమనేవాడు. మొదట్లో డబ్బాలన్నీ అప్పడాలయ్యాయి. తర్వాత తర్వాత నా చేతికి లివర్ అలవాటైంది. ఎంత పెద్ద బండైనా చివరికి చేతి లాఘవమే కదా. లైసెన్సు వచ్చింది. ఆపరేటర్‌గా షినాస్ క్యాంపుకు తిరిగి వచ్చిన రోజు వాడు చికెన్ వండాడు. క్యాబిన్ ఎక్కి సీటు తడిమి చూసి, బావా, నువ్వు రాజువు అన్నాడు. వాడి కళ్ళల్లో అసూయ ఏమైనా ఉందేమోనని వెతికాను. ఒక్క పిసరు దొరికినా నాకు చల్లబడేది. లేదు వాడి దగ్గర, ఏం చేస్తాం.

నాకు ఇచ్చిన డ్యూటీ కూడా కోట దగ్గరే. ఊడబీకిన సిమెంటు పెళ్ళలు, కూలిన ఇటుకలు బయట కుప్ప పోస్తారు, నేను ఎత్తి లారీలో వెయ్యాలి. బండి అదురుకు గోడలు చెదరకుండా కోట చుట్టూ దూరంగా తాడు కట్టారు. తాడు దాటి బండి రాకూడదు. లారీ వచ్చేదాకా నాకు పని లేదు. క్యాబిన్‌లో చల్లగా కూర్చుని అద్దంలోంచి చూస్తూ ఉండేవాణ్ణి. ఎవరిని? ఇంకెవరిని. వాడు పొద్దున ఎన్ని నవ్వులు నవ్వాడో, ముసలాయన వాడి వీపు ఎప్పుడు తట్టాడో, ఫోర్మన్ వాడితో నిలబడి ఎంతసేపు మాట్లాడాడో అన్నీ నాకు తెలుసు. ఒకసారి ఇంజనీరు ఎవరో పెద్దమనుషులను వెంటబెట్టుకొచ్చి వాడి చేత పూయించి చూపించాడు. వాళ్ళు ఫోటోలు తీశారు. ఆ రోజు నేను లారీ తొట్టికి బకెట్ కొట్టేశాను. డ్రైవర్ నా అమ్మను అబ్బను కలిపి తిట్టాడు.

అలా చలికాలం పోయింది, ఉక్కపోత వచ్చింది, మళ్ళీ చలికాలం వచ్చింది. కోట పని చివరికొచ్చింది. గోడలు ఒంటె రంగులో మెత్తగా, ఎక్కడా గీత పెట్టినట్టు కాకుండా నిలబడ్డాయి. అప్పుడు ఫోర్మన్ ఒక కబురు తెచ్చాడు. ఉస్తాద్ తన ఊరి వైపు కొండల్లో మరో కోటకు పోతున్నాడు, మా బామ్మర్దిని తీసుకుపోతున్నాడు, ఈసారి కంపెనీ నుంచి ఇంకొక మనిషికి కూడా నేర్పుతాడట. ఆ మనిషి ఎవరో మా బామ్మర్దినే చెప్పమన్నాడట.

మళ్ళీ తెరుచుకుంది ఆ చోటు. షావల్, ఏసీ, లైసెన్సు అన్నీ తృణప్రాయం అనిపించాయి. వాడు అడుగుతాడు. అడగక ఎక్కడికి పోతాడు, బావను. అడిగితే ఏమనాలో కూడా కుదుర్చుకున్నాను. మొదట కుదరదంటాను. ఆపరేటర్ పని వదిలి మట్టి పిసకమంటావా అంటాను. వాడు బతిమాలతాడు. అక్క మీద ఒట్టు అంటాడు. అప్పుడు, నీ కోసం వస్తున్నానురా అని ఒప్పుకుంటాను.

వాడు అన్నం వండాడు, తిన్నాం, గిన్నెలు కడిగాడు, ఏమీ అడగలేదు. మర్నాడూ అడగలేదు. తర్వాత పక్క రూములో ఉండే, కాంక్రీటు కలిపే నిజామాబాద్ మనిషి నా దగ్గరకొచ్చి సంబరంగా చెప్పాడు, అన్నా, నీ బామ్మర్ది నన్ను తీసుకపోతున్నడని. ఆ మనిషి మేస్త్రి కూడా కాదు.

బండి ఇంజన్ ఆపకుండానే దిగి, తాడు కింద నుంచి దూరి లోపలికి పోయాను. వాడు ద్వారం పక్కన చివరి పూత పూస్తున్నాడు. ఉస్తాద్ అక్కడ లేడు, నమాజుకు పోయాడు.

"నన్నెందుకు అడగలేదురా?"

వాడు చేతిలోని ముద్దను తిరిగి తట్టలో పెట్టాడు. తల ఎత్తలేదు.

"నీ పేరే చెప్పిన బావా. మొదలు నీ పేరే చెప్పిన. ఉస్తాదే వద్దన్నడు."

"మట్టికి నీళ్ళు కొట్టిననా? ఆ ముచ్చట ఇంక యాది పెట్టుకున్నడా ముసలోడు?"

"గది కాదు." వాడికి చెప్పబుద్ధి కావడం లేదు. నేను కదలకపోయేసరికి చెప్పాడు. "నువ్వు బండ్ల కూసొని రోజు ఇటే చూస్తవు గదా. ఆయన జూసిండు. మొదట్ల సంబరపడ్డడు, మీ బావకు పని మీద పాణమున్నట్టుంది అన్నడు. మల్ల కొన్ని రోజులకు, లేదు, ఆయన గోడను చూస్తలేడు, నిన్నే చూస్తుండు అన్నడు. గోడను చూడనోనికి నేనేం నేర్పాలె అన్నడు."

తిడదామని నోరు తెరిచాను. వాడు ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాడు, తప్పు చేసినవాడిలా. అప్పుడు కూడా వాడే మంచివాడు. ఆ మంచితనానికి కూడా కుళ్ళుకున్నాను, దాచడమెందుకు.

శుక్రవారం పికప్‌లో సామాను వేసుకుని పోయారు. ఉస్తాద్ నాకు సలాం చెప్పాడు, నేనూ చెప్పాను. మరుసటి రోజు కోటలో ఎవరూ లేరు. తాడు కూడా విప్పేశారు. గుంతలో కొంచెం అడుసు మిగిలి ఉంది. ఒక ముద్ద తీసుకుని ద్వారం పక్కన, వాడు ఆపేసి పోయిన చోట నిలబడ్డాను. ఇంచుమించు ఏడాది ఆ అద్దంలోంచి కళ్ళార్పకుండా చూశాను కదా, ఆ మాత్రం రాదా అనుకున్నాను. ముద్దను కొట్టాక అరచెయ్యి ఎటు తిప్పేవాడు? ఎంత ఆరాక నొక్కేవాడు? అంచుల దగ్గర వేళ్ళా, అరచేతి మొదలా? ఎంత గుర్తు చేసుకున్నా ఒక్కటీ రాలేదు. ముసలాయన వీపు తట్టినప్పుడు వాడు తల వంచుకుని నవ్వే నవ్వు, ఖర్జూరం గింజను పక్కకు తిరిగి ఉమ్మే తీరు, ఎండకు ఎర్రబడిన చెవులు, అవి మాత్రం ఎదురుగా ఉన్నట్టే కనిపించాయి.